మా అత్త తర్వాత తాగేదెవరు

మా అత్త దేవుణ్ణి నమ్ముకోవడానికి కారణం ఒక గిన్నె. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, ఆమె పదిమందిలో లేచి చెప్పుకున్న మాట. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు తక్కినవాళ్ళు కలలో వెలుగు కనిపించిందనీ, వదలని జ్వరం వదిలిందనీ చెప్పేవాళ్ళు. మా అత్త లేచి, "నేను తాగినంక ఒకాయన తాగిండు. తుడవలే. అందుకే వచ్చిన" అని కూర్చునేది. అంతే. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా ఆమె పట్టించుకునేది కాదు.

నాకు చదువు రాదు. నా పేరు రాయడం వచ్చు, అదీ గోడ మీద బొగ్గుతో అయితేనే వంకర లేకుండా వస్తుంది. అందుకని నేను చెబుతుంటే వేరేవాళ్ళు రాస్తున్నారు. నా గొంతు బొంగురుగా, పెద్దగా ఉంటుందని కాస్త దూరం జరిగి కూర్చున్నారు. అయినా బాగానే వినపడుతుందట.

ముందు ఆ గిన్నె సంగతి చెప్పాలి. మా అత్త వయసులో ఉన్నప్పుడు బేగంపేట స్టేషన్ దగ్గర పట్టాల కిందికి కంకర మోసేది. అక్కడ ఒక చాయ్ బండి ఉండేది. బండి మీద కప్పులూ సాసర్లూ ఉండేవి, అవి అందరికీ. మా వాడ వాళ్ళు ముట్టుకుంటే మైల అని లెక్క కాబట్టి మాకు మాత్రం బండి వెనక వేపచెట్టు కొమ్మల సందులో కొబ్బరి చిప్పలు దోపి పెట్టేవాళ్ళు. చిప్ప మనమే తీసుకోవాలి. పట్టుకుని వంగాలి. బండాయన పైనుంచి ధారగా పోస్తాడు. తాగి, మనమే కడిగి, మళ్ళీ చెట్టులో దోపాలి. మా అత్త దాని గురించి ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. చాయ్ చాలా బాగుండేదని చెప్పేది.

ఒక ఆదివారం తోటి కూలి ఒకామె ఆమెను ప్రార్థనకు తీసుకుపోయింది. ఆ రోజు అక్కడ ప్రభువు బల్ల. రొట్టె విరిచి పంచుతారు. ద్రాక్షరసం పోసిన గిన్నె ఒక్కటే అందరి చేతుల మీదుగా పోతుంది, తలా ఒక గుక్క తాగుతారు. బాప్తిస్మం లేనివాళ్ళు తాగకూడదు. ఆ మాట మా అత్తకు ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది, గిన్నె వచ్చింది, షర్బత్ అనుకుని తాగింది. ఆమె తర్వాత మగవాళ్ళ వరస మొదలు. మొదట కూర్చున్నది పట్వారీల ఇంటి మనిషి, పెద్దకులం వాడు, కొత్తగా సంఘంలో కలిసినవాడు. మా అత్త భయపడి గిన్నె అంచును కొంగుతో తుడవబోయిందట. ఆయన తుడవనివ్వకుండా చేతిలోంచి తీసుకుని తాగేశాడు. "గుటక మింగిండా, ఊకనే మూతి తడుపుకున్నడా అని గొంతు దిక్కే సూసిన. మింగిండు" అని చెప్పేది. ఆ ఏడే బాప్తిస్మం తీసుకుంది. ముందు తాగి తర్వాత మునిగిన మనిషి మా సంఘంలో ఆమె ఒక్కతే.

నేను కోడలిగా వచ్చేనాటికి ఆమె ముసలిదైపోయింది కానీ చోటు మాత్రం మార్చలేదు. ఆడవాళ్ళ వరస చివర కూర్చుంటుంది. మగవాళ్ళ వరస మొదట మా సంఘపెద్ద కూర్చుంటాడు. ఆయన రైల్వేలో గుమాస్తా, ఇస్త్రీ కోటు, పెద్ద మీసం, మా వాడ మనిషి కాదు. నెలకొకసారి బల్ల నాడు మా అత్త తాగి గిన్నె ఆయనకు ఇచ్చేది. ఆయన దాన్ని కాస్త తిప్పి, ఆమె మూతి తగలని వైపునుంచి తాగేవాడు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే మా అత్త మాత్రం కళ్ళు తెరిచి ఆయన మీసం వైపు చూసేది.

"తిప్పుతుండు గద అత్తా" అన్నాను ఒకసారి.

"తిప్పనీ. మీసం తడిసిందా లేదా?"

"తడిసింది."

"అయితే తాగినట్టే. నీకెందుకే ఫికరు?"

అప్పట్లో అమీర్‌పేట అంటే నవాబుల తోటలు, వాటి ప్రహరీలు, ఆ ప్రహరీల వెనక మా గుడిసెలు. మా ఆయన ఒక తోటలో మాలీ. నేను గంపలో ఆకుకూరలు పెట్టుకుని తోటల వెంబడి అరుచుకుంటూ తిరిగేదాన్ని. నా గొంతు అలా పోయింది. పాటల వరసలో నన్ను వెనక కూర్చోబెట్టి, నోరు మాత్రం ఆడించమని చెప్పారు. నోరు ఆడించేదాన్ని. పంజగుట్టకు పోయే దారిలో పెంకుల గది ఒకటి ఉండేది, అదే మా గుడి. మా అయ్యగారు కోస్తా వైపునుంచి వచ్చిన పాదిరి. ప్రతి మాటకూ "అండి" అనేవాడు. మేకను తోలినా "పదండి" అంటాడని మా వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

రెండో పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు, ఆ రోజుల్లో ప్లేగు వచ్చింది. వచ్చింది అని మాకు తెలిసిందే గుడిలో. మా ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పక్కన పెడతాం, ఆదివారం తెచ్చి గుడిలో ఉన్న జాడీలో పోస్తాం. అది దేవుడి బియ్యం. ఒక ఆదివారం పాదిరి భార్య జాడీ మూత తీసి, మళ్ళీ మూత పెట్టి, బయటికి వెళ్ళి కూర్చుంది. లోపల చచ్చిన ఎలుక.

"దేవుని బియ్యం తిన్నది, పాణం పోయింది" అన్నాడు మా ఆయన.

"మనోళ్ళు సుత తిన్నరు, వాళ్ళు బతికే ఉన్నరు" అంది మా అత్త. బీదవాళ్ళకు పంచేది ఆ బియ్యమే.

ఆ వారంలోనే మా వాడలో ఎలుకలు చచ్చి పడ్డాయి. ఎలుకలు పడితే మనిషి ఇల్లు వదలాలి, అది అందరికీ తెలుసు. సర్కారు మనుషులు వచ్చి గుడిసెల కప్పు ఊడదీసి ఎండ పడనిచ్చారు. సున్నం చల్లారు. గుడి పైకప్పు పెంకులు కూడా తీసేసి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి సంఘపెద్ద చేతికిచ్చారు. పైన కప్పు లేదు, కింద తాళం ఉంది. మేమంతా తడకలూ కుండలూ మోసుకుని పంజగుట్ట రాళ్ళ దగ్గరికి పోయి గుడిసెలు వేసుకున్నాం. మా పక్క గుడిసె అమీర్‌పేటలో సేద్యం చేసే ఇంటి వాళ్ళది. వాళ్ళ ఇంటి ఆమె ఊళ్ళో ఉన్నప్పుడు మాకు మజ్జిగ పైనుంచి పోసేది. ఇక్కడ ఇద్దరికీ మధ్య ఒక తడకే అడ్డం. ఆమెకు మా మాట వినపడేది, మాకు ఆమె గురక వినపడేది.

అయ్యగారికి గుడి లేకుండా ఆదివారం ఎలా చేయాలో తెలియలేదు. మొదటి వారం ఒక బండ మీద నిలబడి మాట్లాడాడు. గుడిసెలు ఎడంగా ఉన్నాయి, గాలికి ఆయన "అండి" మాత్రమే మా దాకా వచ్చింది. అప్పుడు సంఘపెద్దే నన్ను చూపించి, "గీ ఆకుకూరల గొంతు పనికొస్తది అయ్యగారూ" అన్నాడు. అయ్యగారు ఒక మాట చెబితే నేను దాన్ని అరిచి చెప్పాలి. నోరు ఆడించడమే నా పని అనుకున్నవాళ్ళకు ఇప్పుడు నా నోరే దిక్కయింది. ఆరాధనకు పిలవడం కూడా నేనే. గొంతు అలవాటుకొద్దీ కూరలమ్మే రాగంలోనే పిలిచాను. మొదటి పిలుపుకు ఒకామె గిన్నె పట్టుకుని వచ్చి గోంగూర ఉందా అని అడిగింది. లేదు, వాక్యం ఉంది అన్నాను. వచ్చింది కదా అని కూర్చుని విని పోయింది.

సూదులు వేసే డాక్టరు వచ్చినప్పుడు మా వాళ్ళలో సగం మంది దేవుడు కాపాడతాడు, సూది వద్దు అన్నారు. అయ్యగారు, "దేవుడే పంపాడండి సూదిని" అని అందరికన్నా ముందు చెయ్యి చాచాడు. సూది గుచ్చగానే కళ్ళు తిరిగి పడిపోయాడు. దాంతో తక్కిన సగం మంది కూడా వద్దన్నారు. ఆయన లేచి నీళ్ళు తాగి, ఇంటింటికీ తిరిగి బతిమాలి, సగం మందికైనా వేయించాడు. మా అత్త వేయించుకోలేదు. ముసలి తోలుకు సూది దండగ అంది.

నెల తిరిగి బల్ల వచ్చింది. సూది డాక్టరు ఒకరి ఎంగిలి ఒకరు తాగవద్దని చెప్పి పోయాడు. హుక్కా కూడా ఒక్కరే తాగాలన్నాడు. సంఘపెద్ద ఆ మాట పట్టుకుని అయ్యగారితో మాట్లాడాడు. అయ్యగారు బండ ఎక్కి చెప్పాడు, నేను అరిచాను.

"వచ్చే ఆదివారం బల్ల ఉంది! ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలి! ఒకరి గిన్నె ఒకరు ముట్టవద్దు!"

నా నోటితోనే అరిచాను. అరుస్తూ అత్త వైపు చూశాను. ఆమె చెవిటిది కాదు. తల వంచుకుని కాలి గోరు చూసుకుంటోంది.

తడక అవతలినుంచి సేద్యపు ఇంటి ఆమె పిలిచింది. "ఓ పెద్దమ్మా! మీ దేవుడు సుత ఎవరి చిప్ప వాళ్ళకే అంటుండా? గీ మాత్రం దానికి అంత దూరం పోయి కలిస్తిరి?"

మా అత్త మాటకు మాట అనే మనిషి. ఆ రోజు మాత్రం ముసుగు తన్ని పడుకుంది. మరునాడు పొద్దున కర్ర పట్టుకుని బేగంపేట వైపు పోయింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఒళ్ళో ఏదో దాచింది. నేను అడగలేదు.

ఆదివారం రాళ్ళ మధ్య కూర్చున్నాం. ఇంటింటికీ మధ్య సంఘపెద్ద తాడు పరిపించాడు, ఆ తాడు దాటకూడదు. కొందరు ఇత్తడి లోటాలు తెచ్చారు, కొందరు మట్టి ముంతలు. సంఘపెద్ద వెండి గ్లాసు తెచ్చాడు. రొట్టెకు గోధుమపిండి దొరక్క జొన్నరొట్టె చేశారు. ద్రాక్షరసం అంటే కిస్మిస్ ఉడకబెట్టిన నీళ్ళు. అయ్యగారు పొడుగు కాడ ఉన్న గరిటెతో, ముట్టుకోకుండా, ఒక్కొక్కరి గ్లాసులో పైనుంచి పోస్తూ వస్తున్నాడు.

మా దగ్గరికి వచ్చాడు. మా అత్త ఒళ్ళోంచి కొబ్బరి చిప్ప తీసింది. అంచులు నల్లగా అరిగి ఉన్నాయి. చాయ్ బండి ఇంకా ఉందట, ఆ చెట్టూ ఉందట, చిప్పలూ ఉన్నాయట. ఆమె చిప్ప పట్టుకుని, అలవాటున్నట్టుగా వంగింది.

అయ్యగారికి ఏమీ అర్థం కాలేదు. పాపం, మంచి మనిషి. "అయ్యో, గ్లాసు లేదా అమ్మా? మా ఇంట్లో ఇంకోటి ఉంది, తెప్పిస్తానండి" అన్నాడు.

"నా గిన్నె నన్నే తెచ్చుకొమ్మంటిరి. నాకున్న సొంత గిన్నె గిదే" అంది మా అత్త.

సంఘపెద్ద అమీర్‌పేట మనిషి. ఆయనకు అర్థమైంది. తన వెండి గ్లాసును కోటు మడతలో పెట్టుకున్నాడు. గరిట అత్త చిప్ప మీదికి రాగానే ఆమె చిప్పను బండ మీద బోర్లించింది. జొన్నరొట్టె కూడా తీసుకోలేదు. మా అత్త బల్లలో చెయ్యి వేయకపోవడం నేను చూడడం అదే మొదలు.

మరునాడు ఆకుకూరల గంప దించే సాకుతో అయ్యగారి గుడిసెకు పోయాను. ఆయన గడప దగ్గర కూర్చుని చెప్పులోంచి ముల్లు తీస్తున్నాడు.

"అయ్యగారూ, గా చిప్ప గ్లాసు లేక తెచ్చింది కాదు" అని చాయ్ బండి సంగతీ, పట్వారీల ఇంటి మనిషి సంగతీ, సంఘపెద్ద మీసం సంగతీ చెప్పాను. నా గొంతు చిన్నగా మాట్లాడడానికి పనికిరాదు. చుట్టూ ఉన్న గుడిసెలన్నీ విన్నాయి.

ఆయన ముల్లు లాగి పారేశాడు. "నేను చెప్పింది ఆరోగ్యం కోసమేనమ్మా" అన్నాడు.

"ఎరుకే అయ్యగారూ. చాయ్ బండాయన సుత గట్లనే అంటుండె. సుబ్రం కోసం అంటుండె."

ఆయన చెప్పు తొడుక్కున్నాడు. కూర తీసుకున్నాడు.

రెండో నెల బల్లకు కూడా మా అత్త చిప్ప బోర్లించింది. అయ్యగారు ఆమె ముందు గరిట పట్టుకుని నిలబడి, పక్కింటికి పోయాడు. ఆయన చెప్పే మాటల్లో బలం తగ్గింది. బండ మీద నిలబడి ఒక్కోసారి మధ్యలో ఆగిపోయేవాడు. అప్పుడు నేను అరవడానికి ఏమీ ఉండేది కాదు. జనం నా వైపు చూసేవాళ్ళు. దగ్గేదాన్ని.

ఆ తర్వాత తడక అవతల సేద్యపు ఇంటి ఆమె మామ ప్లేగుతో పోయాడు. వాళ్ళను వేరే చోటికి మారమన్నారు. వాళ్ళు ఇంకా సామాను మూట కట్టుకుంటుండగానే మా అత్తకు చలిజ్వరం వచ్చింది. గజ్జల్లో గడ్డ కట్టింది. సర్కారు జమాదారు వచ్చి దూరంనుంచే చూసి, రాళ్ళ అవతల ఒంటి గుడిసె చూపించాడు. ఒక్కరే తోడు ఉండాలి, ఉన్నవాళ్ళు మళ్ళీ ఇటు రాకూడదన్నాడు. మా ఆయన లేచాడు. నేను కూర్చోమన్నాను. ఆయనకు గంజి కాచడం రాదు.

బిడ్డలను మా ఆయనకు అప్పగించి, మూతికి కర్పూరం కట్టిన గుడ్డ చుట్టుకుని అత్త దగ్గర కూర్చున్నాను. మేము పోతున్నట్టు తెలిసి సేద్యపు ఇంటి ఆమె ఒక కుండలో మజ్జిగ తెచ్చి, దూరంగా నిలబడి, నా ముంతలోకి పైనుంచి పోసింది. రోగానికి భయపడి పోసినా, అలవాటుకొద్దీ పోసినా ధార ఎత్తు ఒకటే. కానీ తేవడం తెచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ పోయింది.

అత్తకు తాను లేవనని తెలుసు. "అయ్యగారిని పిలువనా?" అంటే, "పిలువు. గరిట తేవొద్దని చెప్పు" అంది. "ఒక్క గిన్నె అయితేనే. నా తర్వాత ఎవరన్న తాగుతేనే. లేకుంటె ఊకనే ప్రార్థన చేసి పొమ్మను. నాకేం కోపం లేదు."

నేను రాయి ఎక్కి ఆ మాట అలాగే అరిచాను. ఆ మైదానంలో అందరూ విన్నారు.

రాళ్ళ అవతల అయ్యగారు, సంఘపెద్ద నిలబడి మాట్లాడుకోవడం నాకు కనిపిస్తోంది, గాలి ఇటే వీస్తోంది కాబట్టి వినపడింది కూడా.

"మీరు ఆ గుడిసెల కాలు పెడితె మళ్ళ ఇటు రాను వీలులేదు అయ్యగారూ" అన్నాడు సంఘపెద్ద. "ఇంత మంది పిల్లజెల్ల ఉన్నరు. మీకు ఏమన్న అయితె ఇక్కడ ఎవరున్నరు? జర ఆలోచన చెయ్యిండ్రి."

"ఏంటండి ఆలోచించేది? నేను తాగనని చెప్పి, ఆవిడకి ఏం చెప్పి పంపించను?"

"ఆమె తర్వాత తాగుతరా మీరు? గడ్డ లేచిన మనిషి తర్వాత?"

అయ్యగారు ఆయన మీసం వైపు చూశాడు. "ఎన్నేళ్ళనుంచో మీరు తాగుతున్నారు కదండి" అన్నాడు.

సంఘపెద్ద గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. కోపం వచ్చి పోయాడనుకున్నాను. ఎండ దిగుతుండగా తిరిగొచ్చాడు. చేతిలో గుడిలో ఉండే గిన్నె ఉంది. తాళం తీసి, సున్నం తొక్కుకుంటూ లోపలికి పోయి తెచ్చినట్టున్నాడు, ఇస్త్రీ కోటు నిండా తెల్లటి మరకలు. గిన్నె అయ్యగారి చేతిలో పెట్టి, తాను ఏమీ తేనట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

అయ్యగారు వచ్చాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. కట్టుకోమని నేను సైగ చేశాను, చూడనట్టు ఊరుకున్నాడు. ప్రార్థన చేశాడు. జొన్నరొట్టె విరిచి అత్త నోట్లో పెట్టాడు. ఆమెకు మింగుడు పడలేదు, కానీ మింగింది. గిన్నెలో కిస్మిస్ నీళ్ళు ఇద్దరికి సరిపడా పోశాడు. నాకు కాదు, వాళ్ళిద్దరికి. నన్ను వద్దన్నాడు, నాకు బిడ్డలున్నారని.

"ముందు నువ్వమ్మా. తర్వాత నేను" అన్నాడు. మా అత్తను ఆయన నువ్వు అనడం ఆ ఒక్కసారే.

అత్త కళ్ళు తెరిచి చూసింది. "నా తర్వాతనా?"

"నీ తర్వాతే."

"తుడవకుండ?"

"తుడవను."

నేను ఆమెను లేపి నా రొమ్ముకు ఆనించుకున్నాను. ఆమె రెండు చేతులతో గిన్నె పట్టుకుంది. అయ్యగారు చెయ్యి చాచి పెట్టాడు, ఆమె తాగి ఇవ్వగానే అందుకోవడానికి. ఆ చెయ్యి వణుకుతోంది. అత్త దాన్ని చూసింది. ఒక గుక్క తాగింది. ఆగింది. మళ్ళీ తాగింది. ఇద్దరికి పోసింది అంతా, గొంతు పట్టనిదాన్ని పట్టించి, చివరి దాకా తాగేసింది. గిన్నెను అరచేతిలో బోర్లించి, ఒక్క చుక్క లేదని ఆయనకు చూపించింది.

"మస్తు దూప అయింది అయ్యగారూ. ఏం మిగల్లే" అంది.

అయ్యగారు చాచిన చెయ్యి అలాగే ఉంది. పాలు అయిపోయాయని చెప్పించుకున్న చాయ్ గిరాకీలా కూర్చున్నాడు. ఆ తర్వాత ఖాళీ గిన్నె తీసుకుని, బయటికి పోయి, రాళ్ళ చాటున చాలాసేపు నిలబడ్డాడు. ఏడ్చాడో, దేవుడితో మాట్లాడాడో నేను పోయి చూడలేదు.

నేను అత్తను పడుకోబెట్టాను.

"చెయ్యి సాచిండు, సూసినవా?" అంది.

"చూసిన."

"వణికింది."

"అవు, వణికింది."

"వణుకదా మరి. పాణం గద" అని కళ్ళు మూసుకుంది. పట్వారీల ఇంటి మనిషి గురించి ఎంత తృప్తిగా చెప్పేదో అంత తృప్తిగానే చెప్పింది. ఆయనైతే తాగాడు, ఈయన తాగలేదు. మా అత్త లెక్కలో రెండూ ఒకటే అయినట్టున్నాయి. నాకు ఆ లెక్క అర్థం కావడానికి నేను కూడా ముసలిదాన్ని కావలసి వచ్చింది.

ఆ వారం దాటకుండానే ఆమె పోయింది. పాతిపెట్టడానికి జమాదారు మనుషులు వచ్చారు. అయ్యగారు ఎలాగూ ఇటు పక్కే చిక్కుకుపోయాడు కాబట్టి పాతిపెట్టే మాటలు చెప్పడానికి ఉన్నాడు. జనం రాళ్ళ అవతల నిలబడ్డారు. ఆయన చెప్పాడు, నేను అరిచాను. మా అత్త మట్టి మాటలు నేనే అరిచి చెప్పాను. గొంతు ఎక్కడా పట్టుకోలేదు. అంతకుముందే పోయిన గొంతుకు ఇంకా ఏం పోతుంది.

నాకూ, ఆయనకూ కొన్నాళ్ళు చెరొక గుడిసె. ఆదివారం ఆయన తన గుడిసె ముందు నిలబడి చెప్పేవాడు. మధ్యలో ఆగిపోవడం మానేశాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు. చాలా కాలానికి ఒక ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది, ప్లేగు ఎక్కువగా ఎలుక మీది గోమారి పురుగు కుట్టడంవల్ల వస్తుంది, గిన్నెవల్ల కాదు అని. అప్పటికి మేము గిన్నెల గురించి పడాల్సింది పడిపోయాం.

ఎండలు ముదిరాక ప్లేగు తగ్గింది. ఇళ్ళకు పోయాం, గుడికి పెంకులు కప్పారు. ఇక మీద బల్లకు ఏం చేయాలని సంఘం కూర్చుంది. ఎవరి గ్లాసు వాళ్ళకే మేలని కొందరన్నారు, శుభ్రం అన్నారు. పాత పద్ధతే అని కొందరన్నారు. అయ్యగారు సంఘపెద్ద వైపు చూశాడు. సంఘపెద్ద మీసం నిమురుకున్నాడు.

"ఒక్క గిన్నె కడుగుడు అల్కగ ఉంటది" అన్నాడు. "అన్ని గ్లాసులు ఎవరు కడుగుతరు?"

అంతకన్నా పెద్ద కారణం ఎవరూ చెప్పలేదు. ఒకే గిన్నె అని ఖాయమైంది.

మొదటి బల్ల ఆదివారం ఆడవాళ్ళ వరస చివర చోటు ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోలేదు. పాటల వరస వెనకనుంచి లేచి పోయి నేను కూర్చున్నాను. గిన్నె వచ్చింది. తాగాను. కొంగు దాకా చెయ్యి పోయింది, ఆపుకున్నాను. సంఘపెద్దకు అందించాను. ఆయన అలవాటు ప్రకారం గిన్నెను కాస్త తిప్పాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

మీసం తడిసింది.